ఘట్‌కేసర్, పోచారం, అన్నోజిగూడ దిక్కు కిరాయికి పోవాలంటే ఏమేం చూసుకోవాలి?

తార్నాక_కిరాయిదారు:
ఇంట్లో నలుగురం, బడికి పోయే పిల్లలు ఇద్దరు. కిరాయి, మెయింటెనెన్స్ కలిపి నెలకు 13 వేలు దాటకూడదు. చప్పుడు లేని చోటు కావాలి. ఒకరి ఆఫీసు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర, రోజూ పోవాలి. ఇంకొకరిది రాయదుర్గం, వారానికి రెండు రోజులు. వరంగల్ హైవే మీద నారపల్లి దాటాక అన్నోజిగూడ, పోచారం, ఘట్‌కేసర్ అనుకుంటున్నాం. నాగారం, రాంపల్లి కూడా మనసులో ఉన్నాయి. టూ-లెట్ బోర్డు చూసి లోపలికి పోతే అన్ని ఇళ్ళూ బాగానే కనిపిస్తాయి. అడ్వాన్సు చేతిలో పెట్టకముందు ఏం అడగాలో, ఏం చూడాలో ఆ దిక్కు తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పల్_రింగురోడ్డు:
ఇల్లు చూడడానికి ఆదివారం మాత్రం పోకండి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. నడిమధ్యలో పిల్లర్లు లేచేసరికి రెండు పక్కలా రోడ్డు సన్నబడింది. వాన పడితే గుంతలు, ఎండ కొడితే దుమ్ము. ఆదివారం మధ్యాహ్నం హాయిగా సాగిపోయే ఆ తోవే పనిరోజు పొద్దున వేరేలా ఉంటుంది. సోమవారం ఎనిమిదింటికి ఆ ఇంటి గేటు ముందు నుంచి బయలుదేరి ఆఫీసు దాకా పోయి చూడండి, సాయంత్రం ఆరున్నరకు ఉప్పల్ నుంచి వెనక్కి రండి. ఆ రెండు టైములే అసలు లెక్క.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు గురించి చాలామంది పొరపడతారు. 2024 మార్చిలో మొదలైన ఘట్‌కేసర్–లింగంపల్లి రైలు మౌలాలి దగ్గర బైపాస్ లైను పట్టుకొని సనత్‌నగర్ పోతుంది. సికింద్రాబాద్ స్టేషన్‌కు రాదు. కాబట్టి రోజూ సికింద్రాబాద్ పోయేవాళ్ళకు దానితో పని లేదు. రాయదుర్గం వాళ్ళకు పనికొస్తుంది గానీ హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి మళ్ళీ ఆటో ఎక్కాలి. పైగా ట్రిప్పులు తక్కువ, ఒకటి తప్పితే ఆ పూట అంతే. అది ఉందని ఇల్లు తీసుకోకండి.

మీకు నమ్మకమైనది 280 బస్సు, లేదంటే ఉప్పల్ దాకా బస్సు, అక్కడ మెట్రో. ఉప్పల్‌లో ఎక్కితే బ్లూ లైను సికింద్రాబాద్ ఈస్ట్ మీదుగా నేరుగా రాయదుర్గం పోతుంది, మధ్యలో మారే పని లేదు. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి ఇంట్లో ఒకరి బస్సు ఖర్చు తగ్గుతుంది. ఒకటి గుర్తుంచుకోండి. ఇల్లు హైవే నుంచి కిలోమీటరు కంటే లోపలికి ఉంటే రెండో బండి కొనక తప్పదు. లోపలి గల్లీలో రెండు వేలు తక్కువ కిరాయికి దొరికిందన్న సంతోషం పెట్రోలుకే పోతుంది.

బోరు_సంపు:
తోవ కంటే నీళ్ళు ముందు చూడండి. మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్కేస్తారు. నలుగురికి 540, నెలకు సుమారు 16 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు మీ ఒక్క ఇంటికే తొమ్మిది రోజులు వస్తుంది. 20 ఫ్లాట్ల బిల్డింగులో బోరు ఎండిందంటే రోజుకు 10 వేల లీటర్ల ట్యాంకరు ఒకటి రావలసిందే. ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్స్ ఒక్కసారిగా పెరిగేది ఇందుకే.

ఈ నేలంతా గ్రానైటు. నీళ్ళు రాతి పగుళ్ళలోనే ఉంటాయి. పక్కింటి బోరు బాగా పోస్తోంది కదా అని ఈ ఇంటి బోరూ పోస్తుందనుకోవద్దు, పది గజాల తేడాలో ఒకటి నిండుగా, ఒకటి వట్టిగా ఉంటుంది. ఓనర్‌ను అడిగితే నీళ్ళకు ఢోకా లేదనే అంటాడు. వాచ్‌మన్‌ను అడగండి: మొన్న మే నెలలో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, మోటారు ఎంతసేపు నడిస్తే పైట్యాంకు నిండుతుంది, మధ్యలో నీళ్ళు ఆగి గాలి వస్తుందా? మోటారు ఆగి ఆగి పోస్తుంటే బోరులో ఊట తగ్గినట్టే.

సంపు మూత తీయించి టార్చి వేసి లోపలి గోడ చూడండి. నీళ్ళు ఎప్పుడూ నిలిచే మట్టం దగ్గర తెల్లటి చార కట్టి ఉంటుంది. ఆ చార అడుగుకు దగ్గరగా ఉంటే సంపు ఎంత పెద్దదైనా ఫాయిదా లేదు. వంటింటి కొళాయి మూతి దగ్గర, బాత్‌రూంలో షవరు రంధ్రాల చుట్టూ తెల్లగా సున్నంలా పేరుకుని ఉంటే గట్టి నీళ్ళు. అలాంటి చోట గీజరు కాయిలు తొందరగా పోతుంది, బట్టలకు సబ్బు నురగ రాదు. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చూపించే టీడీఎస్ మీటరు ఒకటి జేబులో వేసుకొని పోండి. తాగే నీళ్ళకు 500 లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. మీటరు ఫ్లోరైడు చూపించదు. దానికి ల్యాబులో పరీక్ష చేయించాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే ఆ నీళ్ళు పిల్లలకు తాగించకండి.

జలమండలి కనెక్షన్ ఉందంటే మాట నమ్మకుండా క్యాన్ నంబరు (నీళ్ళ కనెక్షన్ ఖాతా నంబరు), పాత బిల్లు చూపించమనండి. ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వదులుతారో ఆ గల్లీలోనే ఇంకో ఇంట్లో అడగండి. 2025 డిసెంబరులో పోచారం, ఘట్‌కేసర్, నాగారం అన్నీ జీహెచ్‌ఎంసీలో కలిశాయి. అంతమాత్రాన సిటీలో ఉన్న 20 వేల లీటర్ల ఉచిత నీళ్ళు ఆ ఇంటికీ ఉన్నాయనుకోవద్దు. బిల్లులో ఎంత పడిందో అదే లెక్క.

తార్నాక_కిరాయిదారు:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అన్నా. రాత్రి పూట ఎలా ఉంటుంది? డ్రైనేజీ సంగతి? నాగారం గురించి కూడా ఎవరైనా చెప్పండి.

కీసర_రోడ్డు:
నాగారం, దమ్మాయిగూడ అయితే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన ఒక్కటే పెద్ద సమస్య. పగలు తెలియదు. వాన పడిన మరునాడు రాత్రి పదింటికి పోయి మేడ మీద పావుగంట నిలబడండి. గాలి ఎటు తిరిగితే అటు వస్తుంది కాబట్టి రెండు వేర్వేరు రోజులు చూడడం మంచిది. రాంపల్లి కొంచెం నయం. ఈసీఐఎల్ చౌరస్తా దాకా పోగలిగితే సికింద్రాబాద్‌కు బస్సులకు కొదవ లేదు. మీ ఇద్దరిలో రోజూ పోయే మనిషికి ఇదే సులువు. పోచారం దిక్కు తీసుకుంటే ప్రతాపసింగారం వైపు, అంటే మూసీకి దగ్గరగా పోవద్దు. వాసన, దోమలు రెండూ ఉంటాయి, బోరు నీళ్ళ మీదా అనుమానమే. చర్లపల్లి ఆయిల్ టెర్మినళ్ళకు పోయే తోవలో ఇల్లయితే రాత్రంతా ట్యాంకర్ల మోత.

చప్పుడు విషయంలో కాలనీ పేరు కంటే చుట్టుపక్కల ఏముందో చూడాలి. అర కిలోమీటరులో ఫంక్షన్ హాలు ఉంటే ముహూర్తాల నెలల్లో డీజే తప్పదు. రాత్రి పది దాటితే మైకు పెట్టకూడదని రూలు ఉంది, 100కు ఫోన్ చేస్తే వచ్చి ఆపిస్తారు. ఇంటి పక్కన ఖాళీ ప్లాటు ఉంటే గాలి వస్తుందని సంబరపడకండి. రేపోమాపో అక్కడ ఇల్లు లేస్తుంది, బోరు బండి వస్తే తెల్లవార్లూ నడుస్తుంది. అందాకా చెత్త, పొదలు, వానాకాలం పాములు. రెండు పక్కలా ఇళ్ళు కట్టేసి ఉన్న గల్లీయే మేలు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత షేర్ ఆటోలు తగ్గుతాయి. క్యాబు బుక్ చేసినా, వచ్చేటప్పుడు బేరం దొరకదని డ్రైవర్లు క్యాన్సిల్ చేస్తారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళుంటే దీనికి ముందే ఒక ఏర్పాటు ఉండాలి.

డ్రైనేజీకి: భూగర్భ లైను ఉందా, సెప్టిక్ ట్యాంకా అని అడగండి. సెప్టిక్ ట్యాంకైతే గ్రౌండ్ ఫ్లోరు తీసుకోవద్దు. జులై, ఆగస్టులో నేలలో తడి పెరిగి ఇంకుడు గుంత పీల్చుకోదు, మురుగు కింది బాత్‌రూంలోకి ఎదురు తంతుంది. మూత చుట్టూ నల్లటి తడి మరక కనిపిస్తే ట్యాంకు ఇప్పటికే నిండినట్టు. బోరుకు, ఇంకుడు గుంతకు 50 అడుగుల దూరం ఉండాలి. అనుమానం ఉంటే హెచ్‌టూఎస్ సీసా కొని నీళ్ళు పోసి పెట్టండి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్ళలో మురుగు కలుస్తోంది.

సర్వీసు_వైరు:
కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు. ఇండిపెండెంట్ ఇంట్లో పోర్షన్ తీసుకుంటే మీ పోర్షన్‌కు వేరే మీటరు, వేరే సర్వీసు నంబరు ఉందో లేదో చూడండి. సబ్ మీటరు అంటే వద్దనండి. 150 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 580 రూపాయలు. రెండు పోర్షన్లకు ఒకే మీటరై 300 యూనిట్లు అయితే స్లాబు మారిపోతుంది: మొదటి 200కు 5.10 చొప్పున, పై వందకు 7.70 చొప్పున 1,790. మీ సగం 895. అంటే వాడింది అంతే, కట్టేది 315 ఎక్కువ. రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి కూడా ఇలాగే పోతుంది.

ఇన్వర్టరు పెట్టుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి చాలు. రెండు మామూలు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై కలిపి 200 వాట్లు, ఐదారు గంటలు వస్తుంది. వైఫై అన్నాను కదా, ఆ గల్లీ స్తంభం దాకా ఏ కంపెనీ ఫైబరు వచ్చిందో కూడా అడగండి. ఇంటి నుంచి పని చేసే రోజులు ఉన్నాయి మీకు.

బోరు_సంపు:
అగ్రిమెంటు రాసేటప్పుడు ఈ వాక్యం తప్పకుండా పెట్టించండి: "ట్యాంకరు ఖర్చు నెలకు ఫ్లాటుకు వెయ్యి రూపాయలు దాటితే మిగిలినది ఓనర్ భరించాలి." వెయ్యి కుదరకపోతే పదిహేను వందలకైనా ఒప్పించండి, ఏదో ఒక అంకె మాత్రం కాగితం మీద ఉండాలి. రెండు నెలల అడ్వాన్సు మామూలే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో కూడా ఇప్పుడే రాయించండి. ఇల్లు ఖాయం చేసే ముందు నీళ్ళ శాంపిల్ ల్యాబుకు ఇవ్వండి, రిపోర్టు చూశాకే టోకెన్.