నిస్సాన్ వన్ టన్: కూలెంట్ పోతున్నది గాని కింద చుక్క పడ్తలేదు, హెడ్ ఇప్పాల్నా?

మిర్యాలగూడ_వన్‌టన్:
అన్నలకు నమస్తే. మా నాయిన మిలిటరీ వేలంల కొన్న నిస్సాన్ వన్ టన్ ట్రక్కు ఉన్నది మా దగ్గర, జబల్‌పూర్ ఫ్యాక్టరీ బండి, జోంగా మిలిటరీ జీపుల వచ్చే అదే 3956 సీసీ ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. నాయిన పోయినంక ఆరేండ్లు షెడ్డులనే ఉండె, మొన్న సంక్రాంతికి నేనే బయటికి తీసిన. రేడియేటర్ మూత తీస్తే లోపల అంతా ఇటుక రంగు బురద. ఇన్నేండ్లు బోరు నీళ్ళే పోసిన్రు, మా దిక్కు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, బిందె అడుగున కూడా తెల్లగ గడ్డ కడ్తది. అందుకని క్లీనర్ పోసి రెండుసార్లు ఫ్లష్ కొట్టించి కొత్త పచ్చ కూలెంట్ పోపిచ్చిన, ఆడికెళ్ళే మొదలైంది లొల్లి. 40 కిలోమీటర్లు తిప్పితే లీటరు తగ్గుతున్నది. పొద్దున లేచి చూస్తే కింద నేల ఎండినట్టే ఉంటది. ఇంజిన్ ఆయిల్ మంచిగనే ఉన్నది, నీళ్ళు కలిసి తెల్లగ గిట్ల కాలే. వేడెక్కినంక బానెట్ కింద ఒక తియ్యటి వాసన మాత్రం వస్తున్నది. మా మెకానిక్ చూడకుండనే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కు, దాని మీది హెడ్‌కు నడుమ ఉండే సీలు) పోయింది అన్నడు, ఇప్పుతే 25 వేలు అంట, గాస్కెట్ ఎక్కడ దొరుకుతదో మాత్రం ఆయనకే తెల్వదు. ఇంకొకాయన ఏమో గుప్పెడు పసుపు పొయ్యి అంటుండు. ఏం చెయ్యాలె?

డీజిల్_మామ:
పెట్రోల్ ఇంజిన్ పీకేసి హినో డీజిల్ ఎక్కించెయ్ బ్రో, జోంగాలు ఉన్నోళ్ళు సగం మంది చేసిన పని అదే. లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు ఇచ్చే దానికి 25 వేలా.

బెజవాడ_ఆటోనగర్:
మామా నువ్వు ప్రతి బండికీ ఇదే చెప్తావ్ 😀

పసుపు సంగతి నేను చెప్తానండి, మా నాన్నగారు లారీ మీద ఉన్నప్పుడు ఘాట్‌లో రేడియేటర్ కారితే ఆయనా పోశారు. నీళ్ళతో పాటు చిల్లు దగ్గరికి పోయి ఉబ్బి అడ్డం పడుతుంది, కిందికి దిగి షెడ్డు చేరేదాకా పని చేస్తుంది, అది నిజమే. కానీ దానికి చిల్లేదో రేడియేటర్ ట్యూబేదో తెలీదు కదా, మీరిప్పుడే రెండుసార్లు కడిగించిన ట్యూబుల్లోకే పోయి కూర్చుంటుంది. వద్దు.

ముందు తేలికవి చూడండి. హోస్ పైపులు చల్లగా ఉన్నప్పుడు చేత్తో పిసికి చూడండి, ఆరేళ్ళు నిలబడ్డ రబ్బరు క్లిప్ కింద పగిలి ఉంటుంది, పైకి కనబడదు. తర్వాత వాటర్ పంపు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది, లోపల సీలు పోతే నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి రావడానికి పెట్టింది అది. అక్కడ పచ్చ మరక ఉంటే పంపు అయిపోయినట్టే. ఆ బెజ్జాన్ని మాత్రం ఎమ్‌సీల్ పెట్టి మూయకండి, అలా మూసినవాళ్ళని చూశాను, వారంలో బేరింగు అరుపులు.

ఈఎంఈ_రిటైర్డ్:
తమ్ముడూ నేను ఈఎంఈలో, అంటే మిలిటరీ బండ్లు రిపేర్ చేసే విభాగంలో చేసి వచ్చా, ఇప్పుడు సికింద్రాబాద్‌లోనే ఉంటున్నా, ఈ వన్ టన్‌లూ శక్తిమాన్ ట్రక్కులూ చేతుల మీద చాలానే పోయాయి. హెడ్ ముట్టుకోవద్దు ఇప్పుడే.

నీ పోస్టులో ఒక్క మాట అసలు సంగతి చెప్పేస్తోంది, ఫ్లష్ కొట్టించాకే మొదలైందన్నావ్. పాత ఇనప బ్లాకుల్లో ఆ తుప్పూ సున్నమే ఏళ్ళ తరబడి చిల్లులకి అతుకు వేసినట్టు ఉంటాయి, నువ్వు క్లీనర్ పోసి ఆ అతుకు ఊడగొట్టావ్. పైగా కూలెంట్ ఉత్త నీళ్ళకన్నా సన్నటి సందులో కూడా దూరుతుంది. అంటే చిల్లు కొత్తది కాదు, మూత పోయిందంతే. కింద చుక్క లేదు, తియ్యటి వాసన ఉంది అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం) లాంటి వేడి దాని మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతోంది అని నా అనుమానం.

కాబట్టి వేడి మీద వెతకడం మానెయ్. ప్రెషర్ టెస్టర్ తెచ్చుకో, చేత్తో కొట్టే పంపూ గేజీ ఉంటాయి, రేడియేటర్ మూత స్థానంలో బిగుస్తుంది, హైదరాబాద్ పుత్లీబౌలిలో అడుగు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బిగించి మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకే కొట్టు, అంతకు మించితే బాగున్న రేడియేటర్ టంకాలు కూడా విచ్చుకుంటాయి. పదిహేను నిమిషాలు వదిలెయ్. ముల్లు దిగుతుంటే టార్చ్ పట్టుకుని బండి కింద దూరు, చల్లటి ఇంజిన్ మీద ఆవిరవ్వదు కాబట్టి తడి కనబడి తీరుతుంది. బ్లాక్ పక్కన గుండ్రంగా గిన్నెల్లా రేకు ప్లగ్గులు ఉంటాయి, వెల్చ్ ప్లగ్ అంటారు, అవి లోపలి వైపు నుంచి తుప్పు తినేస్తాయి, ముందు వాటినే చూడు.

హెడ్ గాస్కెట్ అనుమానం తీరాలంటే ఇంకో పని. చల్లటి ఇంజిన్, నిండు రేడియేటర్, మూత తీసి స్టార్ట్ చెయ్. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగితే అది లోపల చిక్కుకున్న గాలి, ఆగకుండా వస్తూనే ఉంటే గాస్కెట్. ఆరు స్పార్క్ ప్లగ్గులూ తీసి వరసగా పెట్టు, మిగతావి మసిగా ఉండి ఒక్కటే కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్తున్నట్టు.

వేడి మీద మూత తియ్యకు, చెప్పక్కర్లేదనుకో. వంపిన కూలెంట్ బకెట్‌లో పెట్టి వదిలెయ్యకు, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగి చచ్చిపోతాయి.

మిర్యాలగూడ_వన్‌టన్:
బాబాయ్ నీ నోట్ల చక్కెర పొయ్య! బుడగలు రాలే, ఆరు ప్లగ్గులు ఒక్క తీరుగనే ఉన్నయి. టెస్టర్ మా దోస్తు షెడ్డుల ఉంటే తెచ్చిన, అయిదు నిమిషాలల్లనే ముల్లు దిగుడు షురూ. కింద దూరి చూస్తే ఎగ్జాస్ట్ పైపుకు ఎదురుంగ ఉన్న ప్లగ్గు అంచు కెళ్ళి సన్నగ పచ్చ ధార, పైపు మీద తెల్లటి మరకలు కూడా కట్టినయి. స్క్రూడ్రైవర్‌తోని జరంత ఒత్తితే అప్పడం లెక్క లోపలికి పోయింది, మొత్తం కూలెంట్ నా మొఖం మీదనే 😭 ఇగ కొత్తది ఎట్ల ఎక్కియ్యాలె? ఆ సైజు యాడ దొరుకుతది?

ఈఎంఈ_రిటైర్డ్:
హహ, ఆ స్నానం అందరం చేసిందే. ముందు బ్లాక్ డ్రెయిన్ విప్పాల్సింది, అది చెప్పకపోవడం నా తప్పు.

ఆ పాత ముక్క లోపల ఉండిపోతే ప్లయర్‌తో పట్టి లాగెయ్, సుత్తితో ఇంకా లోపలికి కొట్టకు, దాని వెనకాలే సిలిండర్ గోడ ఉంటుంది. సందులో పేరుకున్న బురద వైరుతో గోకి నీళ్ళతో కడుగు, పిడికెడు వస్తుంది చూడు. ప్లగ్గు కూర్చునే అంచుని సన్న ఎమరీతో మెరిసేదాకా రుద్దు, గీతలు పడకూడదు. వెర్నియర్‌తో ఆ రంధ్రం కొలిచి దానికి సరిపడేది ఇత్తడిది తీసుకో, తుప్పు పట్టదు. అంచుకి అనబాండ్ (సీలు చేసే జిగురు) పల్చగా రాసి, లోపల సరిగ్గా పట్టే బాక్స్ స్పానర్ గిన్నె పెట్టి నిదానంగా, వంకర పోకుండా కొట్టు. రాత్రంతా ఆరనిచ్చి మళ్ళీ ప్రెషర్ టెస్ట్.

ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, చెయ్యి దూరినవన్నీ మార్చెయ్.

బెజవాడ_ఆటోనగర్:
సైజు దొరక్కపోతే కొలత పంపండి, మా ఆటోనగర్‌లో లేతు మీద ఇత్తడిది తీయించి బస్సుకి వేస్తాను. దయచేసి మళ్ళీ బోరు నీళ్ళు పోయకండి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ సగం సగం. మరిగే ఉష్ణోగ్రత పెరగడం ఒకటే కాదు, అందులో తుప్పు ఆపే మందు కూడా ఉంటుంది, మీ బండికి కావాల్సింది అదే.

మిర్యాలగూడ_వన్‌టన్:
అప్‌డేట్: చెయ్యి అందినవి మూడు మార్చిన, ఒకటి గేర్‌బాక్స్ దిక్కు ఉన్నది, దానికి గేర్‌బాక్స్ దించాలె, అది కారుతలేదు కాబట్టి ఇప్పటికైతే ముట్టలే. నిన్న సాగర్ దాకా పోయి వచ్చిన, వాసన లేదు, టెంపరేచర్ ముల్లు సగం దాటలే. లెవెల్ మాత్రం వేలెడు తగ్గింది బాబాయ్, మళ్ళ కారుతున్నట్టేనా?

ఈఎంఈ_రిటైర్డ్:
గాలి బయటికి పోయి ఉంటుంది. నింపి మార్కు పెట్టి ఇంకో రెండు ట్రిప్పులు చూడు, మళ్ళీ వేలెడు తగ్గితే అప్పుడు టెస్టర్ పెట్టు.

డీజిల్_మామ:
పెయింట్ ఏ రంగు వేయిస్తున్నావ్? ఆలివ్ గ్రీన్ వేస్తే చలానా, మనలాంటోళ్ళు వేయకూడదని రూల్ ఉంది.

మిర్యాలగూడ_వన్‌టన్:
ఎర్కే అన్నా, నాయిన అప్పుడే నీలం కొట్టిపిచ్చిండు. తలుపు సందుల్ల మాత్రం ఇంకా గ్రీనే ఉన్నది.