1770 వెర్సాయ్ బాల్‌లో మినుయెట్ గొడవ: ఒట్టి అసూయా, లెక్క ఉన్న పోరా?

పాతపేటిక

వేరే చర్చలో ఒకరు "నాట్యంలో వరస కోసం డచెస్‌లు రాజుగారింటి పెళ్ళిబాల్‌నే ఎగ్గొడతామన్నారట, ఎంత కడుపుమంట!" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది అంత తేలిగ్గా తేలే వ్యవహారం కాదు, అందుకే విడిగా పెడుతున్నాను.

సంగతి ఇది. 1770 మే 16న వెర్సాయ్ కోటలో ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ మనవడికి, ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా కూతురు మేరీ ఆంటోనెట్‌తో పెళ్ళయింది. పెళ్ళికొడుక్కి 15 ఏళ్ళు, పెళ్ళికూతురికి 14. మే 19న కొత్త ఒపేరా మందిరంలో దర్బారు బాల్, అంటే కొలువు నాట్యసభ. దానికి ముందు ఆస్ట్రియా రాయబారి మెర్సీ రాజును కలిసి, ఈ పెళ్ళి పేరు మీద మదమజెల్ ద లొరేన్‌కి ఏదైనా ఒక ప్రత్యేక మర్యాద చెయ్యమని తన ఏలికల తరఫున అడిగాడు. ఈమె బ్రియోన్ ప్రభ్వి కూతురు. పెళ్ళికూతురి తండ్రిది కూడా లొరేన్ వంశమే కాబట్టి చుట్టరికం ఉంది. రాజు సరేనన్నాడు. రాజరక్తపు రాకుమార్తెల తర్వాత, డచెస్‌ల (డ్యూకుల భార్యల) కంటే ముందు ఆమె మినుయెట్ అనే జంటనాట్యం ఆడుతుందని ఖాయమైంది.

దాంతో డ్యూకులు, పీర్లు (అన్నిటికంటే పై బిరుదులున్న ప్రభువులు) కూడబలుక్కున్నారు. బిరుదుల్లేని పాత వంశాల వాళ్ళూ చేతులు కలిపారు. న్వాయోఁ బిషప్ చేత రాజుకి అర్జీ ఇప్పించారు. రాజు రాసిన జవాబు సారాంశం: బాల్‌లో నాట్యం ఒక్కటే పర్యవసానం లేని విషయం, ఎవరు ఆడాలన్నది నా ఇష్టం మీదే ఉంటుంది, నా రక్తసంబంధీకులకు తప్ప మిగతా ఎవరికీ అక్కడ హోదా వరస లేదు, నా కొలువు రివాజుల్లో కొత్తది ఏమీ పెట్టదలుచుకోలేదు, మీరు నాకు చూపుతూ వచ్చిన విధేయత, అభిమానం, స్నేహం కొద్దీ నాకు నచ్చని పని చెయ్యరని నమ్ముతున్నాను. చివరికి ఆమె ఆడింది. అలిగినవాళ్ళూ వచ్చారు, మొహాలు ముడుచుకునే అయినా. పారిస్‌లో దీని మీద వెక్కిరింపు పద్యాలు తిరిగాయి.

నా ప్రశ్న: రాజు చెప్పినట్టు నాట్యానికి పర్యవసానం లేదా? లేకపోతే ఆ అర్జీ ఒట్టి అసూయ. ఉంటే అర్జీదారులది న్యాయం.

లయమూడు

పర్యవసానం ఉంది. రాజకీయం సంగతి తర్వాత, ముందు ఆ నాట్యం ఎలా ఆడతారో చూస్తే చాలు.

దర్బారు బాల్‌లో మినుయెట్ అంటే అందరూ కలిసి ఆడేది కాదు. ఒక్కసారికి ఒక్క జంట. మిగతావాళ్ళంతా చుట్టూ కూర్చుని, నిలబడి చూస్తారు. పైభాగంలో రాజు. జంట ముందు రాజు వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాలి, తర్వాత ఒకరికొకరు. అయ్యాక మళ్ళీ అదే. పియెర్ రామో 1725లో అచ్చువేసిన నాట్యశిక్షణ పుస్తకంలో రాజుగారి బాల్ పద్ధతి వివరంగా ఉంది: మొదటి జంటలో ఒకరు కూర్చుంటారు, రెండోవారు తర్వాతి జోడీని పిలుచుకుంటారు, ఆ కొత్తగా వచ్చినవారు ఇంకొకరిని. అది గొలుసు. ఒక్కొక్కరు రెండుసార్లు ఆడతారు, ఒకసారి తమ పైవారితో, ఒకసారి తమ కిందివారితో. ఇలాంటి గొలుసు మధ్యలో కొత్త కొంకి పెడితే అందరి కళ్ళముందే కిందివాళ్ళు ఒక మెట్టు జారతారు. పేర్ల జాబితా చదవనక్కర్లేకుండానే ఎవరి స్థానం ఏమిటో కళ్ళకు కట్టినట్టుంటుంది.

ఇక ఆ అడుగు. సంగీతంలో ఒక్కో బారు (తాళం చుట్టు) మూడు మాత్రలది. అడుగు వరస మాత్రం రెండు బార్లకి ఒకటి, అంటే ఆరు మాత్రల్లో నాలుగు అడుగులు: కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఇద్దరూ కుడికాలితోనే మొదలు. మోకాలు వంచేది తాళానికి ముందు, లేచేది తాళం మీద. కొత్తవాళ్ళు తాళం మీద వంగుతారు. అక్కణ్ణుంచి ప్రతి అడుగూ వెనకబడే ఉంటుంది. ఇంకో ప్రమాదం: ఆ రెండు బార్ల జతలో మొదటిదానికి బదులు రెండోదాని మీద ఎత్తుకుంటే నాట్యం పొడుగునా సంగీతానికి ఎదురీదుతున్నట్టే. సరిచేసుకోవాలంటే ఒక బారు ఆగినట్టు కనపడకుండా ఆగాలి. అది అనుభవం ఉన్నవాళ్ళకే సాధ్యం.

రూపురేఖ ప్రధానంగా ఇంగ్లీషు జడ్ అక్షరం. పాత రోజుల్లో ఎస్ ఆకారం ఉండేది, పెకూర్ అనే నాట్యాచార్యుడు దాన్ని జడ్ చేశాడని రామో రాస్తాడు. ఎదురెదురు మూలల నుంచి వచ్చి మధ్యలో కుడిభుజాల పక్కగా దాటుకోవాలి, చూపు జోడీ మీంచి పక్కకు పోకూడదు. తర్వాత కుడిచేతులు పట్టుకుని ఒక చుట్టు, ఎడమచేతులతో ఒక చుట్టు, మళ్ళీ జడ్, చివర రెండు చేతులు. జడ్‌కి మామూలుగా ఆరు అడుగు వరసలు, అంటే 12 బార్లు. సంగీతం ముక్కలేమో ఎక్కువగా ఎనిమిదేసి బార్లు. పాట మలుపు తిరిగిందని నమ్మి అడుగు మలిపితే కొంప మునుగుతుంది. పైగా జడ్ ఎన్నిసార్లు వెయ్యాలో ముందే రాసిపెట్టి ఉండదు, చెయ్యి చాచినప్పుడే జోడీకి తెలుస్తుంది. ఒకరు చెయ్యి చాచి, రెండోవారు ఇంకో జడ్‌కి మళ్ళితే గదంతా చూస్తుంది. గౌను కింద రెండు పక్కలా విచ్చుకునే పంజరం ఉంటుంది కాబట్టి దాటే చోట దూరం తప్పిందో, అది జోడీ కాలికే తగులుతుంది.

ఇంతమంది ముందు, ఒంటరిగా, రాజు వైపు మొహం పెట్టి ఆడే దాన్ని "పర్యవసానం లేనిది" అనడం రాజుగారి సౌకర్యం. అంతే.

సూదిమొన

ఇంత కష్టమైన పరీక్షకి నన్ను ముందు పిలవండి అని కొట్టుకోవడం వింతగా లేదూ? ముందు ఆడితే ముందు పరువు పోతుంది.

లయమూడు

సూదిమొన గారూ, పరువు ఎలా పోతుందో ఆ కాలం వాళ్ళకి బాగానే తెలుసు. 1692 ఫిబ్రవరిలో షార్త్ర డ్యూక్ పెళ్ళిబాల్ గురించి ఆ కొలువులోని సాన్ సిమోన్ అనే ప్రభువు తన జ్ఞాపకాల్లో రాశాడు. మోంబ్రోన్ అనే కుర్రాడు బాగా ఆడతానని ముందే గొప్పలు చెప్పుకున్నాడు. మొదటి దణ్ణం దగ్గరే తడబడ్డాడు, తాళం పోయింది. పోయిన తాళాన్ని చేతుల ఊపులతో, వయ్యారంతో కప్పిపుచ్చబోతే నవ్వులు ఇంకా పెరిగాయి. తర్వాతి బాల్‌లో మళ్ళీ అదే. ఆ తర్వాత చాలాకాలం కొలువులో కనపడలేదు. అతను చేసిన అసలు తప్పు అడుగు పోవడం కాదు, పోయినదాన్ని దాచబోవడం. ఒక బారు నిలబడి జోడీ కాలు చూసి కలుపుకుని ఉంటే సగం మంది గమనించేవాళ్ళే కాదు.

అయినా ముందు వరసకే గిరాకీ ఎందుకంటే, రాజు శ్రద్ధగా చూసేది మొదటి జంటల్నే. పదో జంట వచ్చేసరికి చూసేవాళ్ళు కబుర్లలో పడతారు.

కొలువుకూటం

నాట్యం సంగతి ఒప్పుకుంటాను. కానీ అర్జీ పెట్టినవాళ్ళ అసలు భయం అది కాదు. ఫ్రాన్సు కొలువులో హోదాకి మూడు అంచెలు: రాజకుటుంబం, వాళ్ళ కింద రాజరక్తపు రాకుమారులు (రాజవంశపు పక్కశాఖల వాళ్ళు), ఆ కింద డ్యూకులు, పీర్లు. ఈ రెండో అంచెకీ మూడో అంచెకీ మధ్య ఇంకొకటి ఉందని లొరేన్, రొహాన్ లాంటి ఇళ్ళు వందేళ్ళకు పైగా వాదిస్తున్నాయి. తమది పరదేశ రాజవంశం కనక మామూలు ప్రభువుల కంటే పైన అని. డ్యూకులు ఆ అంచెని ఏనాడూ ఒప్పుకోలేదు. రాణి ఎదుట ముక్కాలిపీట మీద కూర్చునే హక్కు డచెస్‌లకి ఎంత ప్రాణమో చదివినవాళ్ళకి ఇది తెలుసు. కూర్చునేవాళ్ళూ నిలబడేవాళ్ళూ అన్న గీత మీదే ఒక ఇంటి పరువు ఆధారపడేది.

ఇంకో మెలిక. లొరేన్ రాజ్యం 1766లోనే ఫ్రాన్సులో కలిసిపోయింది. అంటే లేని రాజ్యం పేరు మీద "పరదేశ" హోదా! పైగా బ్రియోన్ ఇల్లు ఫ్రాన్సులోనే తరాలుగా ఉంటూ రాజుగారి అశ్వశాలల పెద్ద పదవి అనుభవిస్తోంది. ఇదే వంశపు గీజ్ శాఖ ఫ్రాన్సు రాజు మూడో హెన్రీ మీద ఎంత దూరం పోయిందో, 1588లో బ్లువాలో గీజ్ డ్యూక్‌ని రాజే ఎందుకు చంపించాల్సి వచ్చిందో ఫ్రెంచి ప్రభువులు మరిచిపోలేదు.

రాతపూర్వక చట్టం లేని చోట ఒకసారి జరిగిందే రివాజు అవుతుంది. రేపు ఒక శవయాత్రలోనో, పట్టాభిషేకంలోనో "1770 బాల్‌లో మేమే ముందు" అని చూపించడానికి ఆ ఒక్క మినుయెట్ చాలు. అర్జీ పెట్టకుండా ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టే. కాబట్టి ఇది అసూయ కాదు, గడువు దాటకముందు వేసిన అభ్యంతరం.

గోదారిగట్టు

మనకి ఇది కొత్తా? రాజసూయంలో అగ్రపూజ ఎవరికి అన్నప్పుడు శిశుపాలుడు లేచి ఏమన్నాడు? రాజులుండగా రాజు కానివాడికా, పెద్దలుండగా చిన్నవాడికా, గురువులుండగా వేరేవాడికా అని. ప్రతి మాటా నియమం మాటే. లోపల ఉన్నది రుక్మిణి పోయిందన్న మంట. డ్యూకుల అర్జీ కూడా అంతే: పైన చట్టం, అడుగున మంట.

కొలువుకూటం

పోలిక సగమే కుదురుతుంది గోదారిగట్టు గారూ. శిశుపాలుడికి పాతపగ ఉంది. ఈ అర్జీలో చేరిన చాలామందికి ఆ అమ్మాయితో గానీ వాళ్ళమ్మతో గానీ ఏ తగాదా లేదు. బిరుదు లేని వంశాల వాళ్ళకి డచెస్‌ల కంటే ముందు ఆడే ఆశ ఎలాగూ లేదు. అసూయే అయితే వాళ్ళు డచెస్‌లు చిన్నబోవడం చూసి సంతోషించాలి కదా?

గోదారిగట్టు

సంతోషించరు. తమ కంటే ఒక మెట్టు పైనున్నవాళ్ళని భరించడం అలవాటై ఉంటుంది. మధ్యలో కొత్తమెట్టు వస్తే తాము రెండు మెట్లు కిందవుతారు. మీరు దాన్ని అభ్యంతరం అంటున్నారు, నేను మంట అంటున్నాను. వంట ఒకటే.

పాతపేటిక

ఒక విషయం కలపాలి. బ్రియోన్ ప్రభ్వి అప్పటి మంత్రి ష్వాజుల్‌కి ఆప్తురాలు. ఆస్ట్రియా సంబంధం కుదిర్చినవాడు ఆయనే, ఆయన పుట్టిందీ లొరేన్ ప్రాంతంలోనే. ఎదురుగా దుబారీ వర్గం. రాజు ఉంపుడుగత్తె దుబారీ 1769 ఏప్రిల్‌లో కొలువులో అడుగుపెట్టింది, ష్వాజుల్ వర్గం ఆడవాళ్ళు ఆమెని చిన్నచూపు చూశారు. 1770 డిసెంబరులో ష్వాజుల్ పదవి ఊడింది. కాబట్టి అర్జీలో సంతకాలన్నీ హోదా లెక్కతోనే పడ్డాయనుకోవడం అమాయకత్వం. స్నేహితురాలికి మర్యాద జరిగితే స్నేహితుడి పలుకుబడి పెరుగుతుంది. అది పెరగకూడదనుకున్నవాళ్ళకి చట్టం చేతికందింది.

సూదిమొన

మరి పెళ్ళికూతురు? ఆ పద్నాలుగేళ్ళ పిల్లని ఎవరూ అడగలేదు. వచ్చి మూడురోజులు కాకముందే తన పేరు మీద సగం కొలువు అలిగింది.

కొలువుకూటం

ఆ అలక ఆమెని వదల్లేదు కూడా. 1775 ఫిబ్రవరిలో, అప్పటికి ఆమె రాణి, ఆమె తమ్ముడు మాక్సిమిలియన్ మారుపేరుతో, బుర్గావు ప్రభువుగా, ఫ్రాన్సు వచ్చాడు. మారుపేరుతో వచ్చినవాడే ముందు మా గుమ్మం తొక్కాలని రాజరక్తపు రాకుమారులు పట్టుబట్టారు. అతను వెళ్ళలేదు, వాళ్ళూ రాలేదు. రాణికి కోపం వచ్చింది. పారిస్ జనం మాత్రం రాకుమారుల పక్షమే వహించారు. 1770లో డ్యూకులు చెప్పింది ఈసారి వాళ్ళకంటే పైవాళ్ళు చెప్పారు: ఆస్ట్రియా చుట్టరికంతో ఇక్కడి వరస మారదు అని.

స్నేహాల్లోనూ అదే పొరపాటు. తన స్నేహితురాలు లాంబల్ రాకుమారిని రాణి 1775 సెప్టెంబరులో రాణివాసపు అధికారిణిని చేసింది. 1741 నుంచి ఖాళీగా ఉంచిన పదవి అది. పునరుద్ధరించగానే అప్పటిదాకా రాణివాసంలో పెద్దగా ఉన్న నొయాయ్ ప్రభ్వి తప్పుకుంది, ఎందుకంటే ఆమె పనుల మీద ఇంకొకరి పెత్తనం వచ్చింది. ఆ ఏడే పొలిన్యాక్ ప్రభ్వి రాణికి దగ్గరైంది. కొన్నాళ్ళకి లాంబల్ చేతిలో పదవి మిగిలింది, రాణి సాయంత్రాలు పొలిన్యాక్ ఇంటికి పోయాయి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకునే ఫిర్యాదులు మెర్సీ వియన్నాకి రాస్తూనే ఉన్నాడు.

లయమూడు

మాట దారి తప్పుతోంది. రాజుకి ఆరోజు ఇంకో దారి ఉందా అన్నదే నాకు ముఖ్యం. ఉంది. అదే బాల్‌లో మినుయెట్‌ల తర్వాత కాంత్రదాన్స్ ఉంటుంది. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి ఎనిమిదిమంది ఒకేసారి ఆడేది. జంటలు చోట్లు మారుతూ ఉంటాయి, చూసేవాడికి ఎవరు ముందో తెలియదు. యువరాణి ఉన్న చతురస్రంలోనే లొరేన్ అమ్మాయిని నిలబెట్టి ఉంటే చుట్టానికి మర్యాద దక్కేది, వరసకి చెయ్యి తగిలేది కాదు. అడుగులూ తేలిక.

పాతపేటిక

కానీ రాయబారి అడిగింది "ప్రత్యేక మర్యాద" కదా? ఎవరికీ కనపడని మర్యాద వియన్నాకి ఏం రాస్తాడు?

లయమూడు

అదే నేననేది. కనపడాలి కాబట్టే మినుయెట్ ఎంచుకున్నారు. కనపడటం కోసమే ఎంచుకున్నదానికి పర్యవసానం లేదని అదే కలంతో రాశారు. అర్జీదారులు అసూయపరులైతే కావచ్చు, కానీ ఆ జవాబులో తర్కం లేదు.

గోదారిగట్టు

తర్కం లేకపోయినా పని జరిగింది. బాల్ ఆగలేదు, ఆమె ఆడింది, వియన్నాకి కబురు వెళ్ళింది. "కొత్తది ఏమీ పెట్టడం లేదు" అని రాసిచ్చాడు కాబట్టి రేపు ఆ మినుయెట్‌ని రివాజుగా చూపించడానికి లొరేన్ ఇంటికీ వీల్లేదు. కొలువుకూటం గారు అడిగిన అభ్యంతరం నమోదైంది, రాజు సంతకంతో సహా. ఇంకేం కావాలి డ్యూకులకి?

కొలువుకూటం

ఈ మాట మొదటే అని ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. అవును, ఆ ఒక్క వాక్యం అర్జీదారుల గెలుపే. కానీ కాగితం మీద గెలిచి గదిలో ఓడారు, చూసినవాళ్ళకి గుర్తుండేది గది.