మూడేళ్ల ఆల్ఫా, బీటా చూసి ఫండ్ ఎంచుకోవచ్చా?

నల్లకుంట మాస్టారు
పదవీ విరమణ సొమ్ములో కొంత భాగం ఈక్విటీ ఫండ్‌లో పెట్టాలనుకుంటున్నాను. తెలిసిన పంపిణీదారు ఒకరు ఒక లార్జ్‌క్యాప్ (పెద్ద కంపెనీల) ఫండ్ ఫ్యాక్ట్‌షీట్ తెచ్చి చూపించారు. ఆల్ఫా, అంటే మోసిన రిస్కుకు మించి వచ్చిన రాబడి, 3.4; బీటా, అంటే మార్కెట్‌తో పాటు ఫండ్ ఎంత కదులుతుందో చెప్పే అంకె, 0.86. "మార్కెట్ కన్నా తక్కువ రిస్కు, ఎక్కువ రాబడి, ఇంకేం కావాలి మాస్టారూ" అన్నారు. మా అమ్మాయేమో మార్కెట్ సూచీనే అనుసరించే ఇండెక్స్ ఫండ్ చాలంటుంది. ఈ రెండు అంకెల మీద ఎంత వరకు ఆధారపడవచ్చు? నేను లెక్కలు చెప్పినవాణ్ణే, కాబట్టి లెక్కతో చెప్పినా ఫరవాలేదు.

మియాపూర్ మదుపరి
నిశ్చింతగా ఆధారపడవచ్చు మాస్టారూ. ఒట్టి రాబడి చూసి ఫండ్ కొనేవారికన్నా ఇవి చూసేవారు ఎంతో నయం. ఉదాహరణ చెబుతాను. రిస్కు లేని వడ్డీ 7 శాతం, మార్కెట్ రాబడి 12 శాతం అనుకోండి. ఒక ఫండ్ బీటా 0.8, అది 13 శాతం ఇచ్చింది. రెండో దాని బీటా 1.2, అది 14 శాతం ఇచ్చింది. రెండోదే మేలని ఎవరైనా అంటారు. కానీ మొదటి ఫండ్ మోసిన రిస్కుకు రావలసింది 11 శాతమే, అంటే 2 శాతం అదనంగా తెచ్చింది. రెండో దానికి ఎలాగూ 13 రావాలి, అదనం 1 శాతమే. ఆ అదనమే ఆల్ఫా. మేనేజరు పనితనాన్ని మార్కెట్ గాలి నుంచి వేరు చేసి చూపేది అదొక్కటే.

తార్నాక
లెక్క తప్పు లేదు. ఆ లెక్కలోకి వెళ్లే అంకెల మీదే నా అభ్యంతరమంతా.

మొదటిది, బెంచ్‌మార్క్. ఆల్ఫా అంటే దేనితో పోల్చి అదనం? మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017 అక్టోబరు నిబంధనల ప్రకారం లార్జ్‌క్యాప్ ఫండ్ కనీసం 80 శాతం డబ్బును మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీల్లో పెట్టాలి. మిగతా 20 శాతంతో మిడ్‌క్యాప్ (మధ్యస్థాయి కంపెనీల) షేర్లు కొనవచ్చు. మిడ్‌క్యాప్‌లు జోరుగా పెరిగిన మూడేళ్లలో అలాంటి ఫండ్‌ను 50 పెద్ద కంపెనీల సూచీ అయిన నిఫ్టీ 50తో పోలిస్తే ఆల్ఫా దానంతటదే పుట్టుకొస్తుంది. మేనేజరు చేసిందల్లా వేరే బుట్టలో చెయ్యి పెట్టడం. 2018 ఫిబ్రవరికి ముందైతే చాలా ఫండ్లు డివిడెండ్లు కలపని సూచీతో పోల్చుకునేవి. డివిడెండ్ల మేరకు ఏటా శాతం పైచిలుకు ఉచితంగా కలిసి వచ్చేది. డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ సూచీతోనే పోల్చాలని సెబీ కట్టడి చేశాకే అది ఆగింది.

రెండోది దీనికన్నా పెద్దది. ఫ్యాక్ట్‌షీట్లలోని ఈ అంకెలు సాధారణంగా మూడేళ్ల నెలవారీ రాబడుల నుంచి వస్తాయి. అంటే 36 అంకెలు. ఒక ఫండ్‌కు నిజంగానే ఏటా 2 శాతం ఆల్ఫా తెచ్చే సత్తా ఉందనుకుందాం. సూచీతో సంబంధం లేని దాని ఒడిదుడుకులు ఏడాదికి 6 శాతం అనుకుందాం. మూడేళ్ల సగటులో పొరపాటుకు ఉండే వెసులుబాటు 6ను మూడు వర్గమూలంతో భాగిస్తే వస్తుంది, దాదాపు 3.5. అంటే 2 శాతం సత్తా ఉన్న మేనేజరుకు మైనస్ 1.5 రావచ్చు, ఏ సత్తా లేనివారికి 3.4 రావచ్చు. ఆ వెసులుబాటు 1కి తగ్గాలంటే 36 ఏళ్ల లెక్కలు కావాలి. అన్నేళ్లు ఒకే మేనేజరు ఒకే ఫండ్‌లో ఉంటారా? మాస్టారూ, మీకు చూపించిన 3.4 ఈ పొగమంచులోనే ఉంది.

అమెరికన్ ఆర్థికవేత్త మైకేల్ జెన్‌సెన్ 1968లో ఈ కొలతను వాడి 115 అమెరికన్ ఫండ్లను పరీక్షించారు. సగటున అవి మార్కెట్‌ను మించలేదని తేలింది. ఆల్ఫా పుట్టిందే ఫండ్ల గొప్పలను పరీక్షకు పెట్టడానికి. దాన్నే ఇవాళ అమ్మకానికి వాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

గచ్చిబౌలి నుంచి
బీటా గురించి ఒక మాట. ఇది మా ఐటీవాళ్లు వినవలసింది. 2021 చివర్లో ఐటీ సెక్టార్ ఫండ్ల అంకెలు కళ్లు చెదిరేలా ఉండేవి. మా ఆఫీసులో చాలామంది వాటిలో సిప్ మొదలుపెట్టారు. 2022లో నిఫ్టీ 50 సుమారు 4 శాతం పెరిగితే, నిఫ్టీ ఐటీ సూచీ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. తక్కువ బీటా అంటే తక్కువ రిస్కు కాదు, మార్కెట్‌తో తక్కువగా కదులుతుందని మాత్రమే. బంగారం ఫండ్‌కు నిఫ్టీతో బీటా సున్నాకు దగ్గరగా ఉంటుంది. కానీ అంతర్జాతీయ మార్కెట్లో 2011లో ఔన్సు 1,900 డాలర్ల దగ్గరున్న బంగారం 2015 చివరికి 1,050 దరిదాపులకు దిగింది. బీటా చూసేవారు పక్కనే ఆర్-స్క్వేర్డ్ కూడా చూడాలి, అంటే ఫండ్ ఒడిదుడుకుల్లో ఎంత భాగం సూచీ వల్ల వచ్చిందో చెప్పే అంకె. అది 0.9 లాంటిదైతే బీటాకు అర్థం ఉంటుంది. 0.3 ఉంటే ఆ బీటాను, దాని మీద కట్టిన ఆల్ఫాను పక్కన పెట్టండి. జీతం ఐటీలో, పొదుపు కూడా ఐటీలో ఉంటే వచ్చే ముప్పును మాత్రం ఏ ఫ్యాక్ట్‌షీటూ చెప్పదు.

కూకట్‌పల్లి పంపిణీదారు
ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి, నా వైపు నుంచీ వినండి. తార్నాక గారి లెక్కను కాదనను. కానీ మా దగ్గరికి వచ్చేవారు లెక్కల వల్ల నష్టపోరు, భయం వల్ల నష్టపోతారు. 2020 జనవరి గరిష్ఠం నుంచి మార్చి 23 నాటికి నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. ఆ ఒక్క రోజే 13 శాతం. ఇండెక్స్ ఫండ్ ఉన్నవారు ఆ పతనాన్ని పూర్తిగా చూశారు. బీటా 0.85 ఉన్న ఫండ్ ఆ లెక్కన 32 శాతం దగ్గర ఆగాలి. ఆ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ అరవై ఏళ్ల మనిషి సొమ్ము వెనక్కి తీసుకోకుండా నిలబడటానికి అది చాలు. ఆల్ఫాను వదిలేయండి, బీటాను మాత్రం వదలకండి.

తార్నాక
బీటా విషయంలో మీతో చాలా వరకు ఏకీభవిస్తాను. అది ఆల్ఫా కన్నా నిలకడైన అంకె, మూడేళ్లలోనూ కాస్త నమ్మదగినంతగా తేలుతుంది. కానీ అదే పని మాస్టారు సొంతంగా చేసుకోవచ్చు కదా. 85 శాతం ఇండెక్స్ ఫండ్‌లో, 15 శాతం లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్) పెడితే బీటా 0.85 వస్తుంది. యాక్టివ్ ఫండ్‌లో ఆ తక్కువ బీటా కొన్నిసార్లు మేనేజరు అట్టిపెట్టిన నగదు వల్లే వస్తుంది. ఆ నగదు మీద కూడా పూర్తి ఖర్చు కడుతున్నాం. పంపిణీదారు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌కూ నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌కూ ఖర్చులో ఏడాదికి అర శాతం నుంచి శాతం దాకా తేడా ఉంటుంది. ఆల్ఫా రావచ్చు, రాకపోవచ్చు, ఆ ఖర్చు మాత్రం ఏటా పోతుంది.

కూకట్‌పల్లి పంపిణీదారు
85, 15 అని మీరు రాశారు. మార్కెట్ పడినప్పుడు ఆ నిష్పత్తిని కాపాడాలంటే లిక్విడ్ ఫండ్‌లోంచి తీసి పడిపోతున్న దానిలో పెట్టాలి. మార్చి 2020లో అది ఎంతమంది ఒంటరిగా చేయగలిగారు? నా ఫీజు ఆ రోజు ఫోను ఎత్తినందుకు. ఇక్కడ మనం ఒప్పుకోలేమేమో.

మియాపూర్ మదుపరి
36 ఏళ్ల లెక్క చూశాక నా మొదటి మాటను కొంత సడలించుకుంటాను. అయినా ఆల్ఫా పూర్తిగా పనికిరాదనను. మూడేళ్ల అంకె ఒక్కటి కాక, ఒక్కో నెల చొప్పున ముందుకు జరుపుతూ పదేళ్ల పాటు తీసిన మూడేళ్ల ఆల్ఫాలు ఎక్కువగా మైనస్‌లోనే ఉన్న ఫండ్‌ను తీసివేయడానికి పనికొస్తుంది. ఎంచుకోవడానికి కాదు, వదిలేయడానికి.

నల్లకుంట మాస్టారు
అందరికీ కృతజ్ఞతలు. ఫ్యాక్ట్‌షీట్ మళ్లీ తీసి చూశాను. పోల్చింది నిఫ్టీ 50 టోటల్ రిటర్న్ సూచీతో. మొదటి 100లో లేని కంపెనీల్లో 18 శాతం ఉంది. ఆర్-స్క్వేర్డ్ ఎక్కడా ఇవ్వలేదు. అది ఇవ్వమని, మిడ్‌క్యాప్ వాటాకు తగిన సూచీ కలిపి ఆల్ఫా మళ్లీ లెక్కకట్టి చూపమని పంపిణీదారును అడిగాను. సోమవారం చెబుతానన్నారు. తార్నాక గారూ, ఆ 18 శాతానికి నిఫ్టీ మిడ్‌క్యాప్ 150 సూచీ వాడితే సరిపోతుందా?

తార్నాక
సరిపోతుంది మాస్టారూ. 82 పాళ్లు నిఫ్టీ 100, 18 పాళ్లు మిడ్‌క్యాప్ 150, రెండూ టోటల్ రిటర్న్ సూచీలే తీసుకోండి. నెలవారీ అంకెలు దొరికితే ఇక్కడ పెట్టండి, అందరం కలిసి వేసి చూద్దాం.