ఇంట్లో కుక్కపిల్ల పన్ను గీరితే పాపకి ఇంజెక్షన్ కావాలా?

ప్రశ్న: మా కుక్కపిల్లకి రెండు నెలలు, ఇంకా టీకా వేయించలేదు. నిన్న ఆడుకుంటూ పాప మోచేతి మీద పంటితో గీరింది, సన్నగా రక్తం వచ్చింది. అత్తయ్య పసుపు అద్దేసి, ఇంట్లో పెరిగేదే కదా, ఏం కాదంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: పసుపు కడిగేయండి అక్కా. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఇవాళే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం వచ్చింది కాబట్టి రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి, మీరే అడగండి. మిగతా డోసులు కూడా చెప్పిన తేదీలకే వేయించాలి, పాప బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక కాపాడే మందు లేదు.

జవాబు: భయపడి కుక్కపిల్లని వీధిలో వదిలేయకండి, దయచేసి. పది రోజులు కళ్లెదుటే ఉంచుకుని గమనించండి, తేడా కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, తర్వాత బూస్టర్, ఆపైన ఏటా. జూలై 6న జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బులపై అవగాహన రోజు) చాలా పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు.

జవాబు: ఎలుకలు తిరిగే ఇల్లయితే కుక్కపిల్లకి లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం నుంచి సోకే బ్యాక్టీరియా జబ్బు) టీకా గురించీ అడగండి, ఆ జబ్బు కుక్క మూత్రం నుంచి మనకీ అంటుతుంది.