వన్‌ప్లస్ 6లో లీనియేజ్ 22.2: సైడ్‌లోడ్ 47% దగ్గర ఆగింది, రీబూట్ చేస్తే క్రాష్‌డంప్ మోడ్

గోదారోడు:
అన్నలూ, కాస్త చూసి చెప్పండి. ఫోన్ వన్‌ప్లస్ 6, బూట్‌లోడర్ (ఫోన్‌ని లేపే మొదటి ప్రోగ్రామ్) అన్‌లాక్ అయ్యే ఉంది. వన్‌ప్లస్ వాళ్ల ఆక్సిజన్‌ఓఎస్ ఆండ్రాయిడ్ 11 మీద ఉండగా మొదలుపెట్టా. 10 నుంచి 11కి ఓటీఏలోనే (ఫోన్‌కే నేరుగా వచ్చే అప్‌డేట్) వచ్చింది, ఆ తర్వాత అప్‌డేట్ ఏదీ వెయ్యలేదు. లీనియేజ్ (కంపెనీ సిస్టమ్ బదులు వేసుకునే ఆండ్రాయిడ్) సైట్‌లోని బూట్ ఇమేజ్ ఫ్లాష్ చేసి, రికవరీలో (ఇన్‌స్టాల్, మరమ్మతుల మెనూ) ఫార్మాట్ డేటా కొట్టి, రామ్ (ROM, అంటే లీనియేజ్ సిస్టమ్) జిప్ కంప్యూటర్ నుంచి సైడ్‌లోడ్ పెట్టా. కంప్యూటర్‌లో 47% దగ్గర ఆగి ‘ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్’ అంది. అదే రికవరీలో మైండ్‌దగ్యాప్స్ (ప్లేస్టోర్ లాంటి గూగుల్ యాప్‌ల ప్యాకేజీ) కూడా ఎక్కించా. సిగ్నేచర్ వెరిఫికేషన్ ఫెయిల్డ్ అంటే ఎస్ కొట్టా. రీబూట్ చేస్తే నల్ల తెర మీద క్వాల్‌కామ్ క్రాష్‌డంప్ మోడ్. జిప్ పాడైందా? ఫోన్ బ్రిక్ అయినట్టేనా (ఇక పనికిరాదా)?

స్లాట్_శాస్త్రి:
బ్రిక్ కాలేదు తమ్ముడూ, జిప్ కూడా బాగానే ఉండి ఉంటుంది. 47% దగ్గర ఆగి ఆ మాట రావడం మామూలే. కంప్యూటర్ ఏమంటుందో వదిలెయ్, ఫోన్ తెర మీద ‘ఇన్‌స్టాల్ కంప్లీటెడ్ విత్ స్టేటస్ 0’ అని పడితే ఎక్కినట్టే. అనుమానముంటే విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో షా256 (ఫైల్ సరిగ్గా దిగిందో తేల్చే కోడ్) తీసి, డౌన్‌లోడ్ పేజీలో ఉన్నదానితో పోల్చుకో.

అసలు గొడవ స్లాట్లది. ఈ ఫోన్‌లో సిస్టమ్, బూట్, ఫర్మ్‌వేర్ లాంటి పార్టిషన్లు (స్టోరేజీలో భాగాలు) ఎ, బి అని రెండేసి, వాటినే స్లాట్లంటారు. రికవరీ ఎ నుంచి నడుస్తుంటే రామ్ వెళ్లి బిలో పడుతుంది. లీనియేజ్ జిప్‌లో సిస్టమ్, వెండర్, బూట్ లాంటివి ఉంటాయి కానీ మోడెమ్, ట్రస్ట్‌జోన్, బూట్‌లోడర్ ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఉండదు. 11కి వచ్చాక ఇంకో ఓటీఏ పడలేదన్నావు, అంటే నీ బి స్లాట్‌లో ఇంకా ఆండ్రాయిడ్ 10 ఫర్మ్‌వేరే కూర్చుని ఉంది. దాని మీద 22.2 లేవబోయి కూలిపోతోంది. ఫార్మాట్‌కి ముందు కాపీ-పార్టిషన్స్ జిప్ (ఒక స్లాట్ ఫర్మ్‌వేర్‌ని రెండోదానికి కాపీ చేసేది) సైడ్‌లోడ్ చెయ్యమని లీనియేజ్ గైడ్‌లో ఉన్నది ఇందుకే.

ఇలా చెయ్. పవర్, వాల్యూమ్ అప్ కలిపి పది సెకన్లకు పైగా పట్టుకుంటే క్రాష్‌డంప్ నుంచి ఆగిపోతుంది. మళ్లీ అవే రెండూ నొక్కితే ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి కమాండ్లు తీసుకునే బూట్‌లోడర్ మోడ్). అక్కడ ‘ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ కరెంట్-స్లాట్’ కొడితే బి అంటుంది. ‘ఫాస్ట్‌బూట్ సెట్_యాక్టివ్ ఎ’ కొట్టి, ‘ఫాస్ట్‌బూట్ రీబూట్ బూట్‌లోడర్’ చేసి, ఇంకోసారి గెట్‌వార్‌తో ఎ అనే వస్తోందని చూసుకో.

ఈ ఒక్కటీ తేలిగ్గా తీసుకోకు. కాపీ-పార్టిషన్స్ ఎప్పుడూ యాక్టివ్ స్లాట్ నుంచి రెండోదానికి కాపీ చేస్తుంది. బి యాక్టివ్‌గా ఉండగా నడిపావంటే పాత ఫర్మ్‌వేర్ వచ్చి మంచిదాన్ని తుడిచేస్తుంది. అప్పుడు రెండు స్లాట్లూ పోయినట్టే.

ఎ అని ఖాయం చేసుకున్నాక బూట్ ఇమేజ్ మళ్లీ ఫ్లాష్ చెయ్ (ఈ ఫోన్‌కి విడిగా రికవరీ పార్టిషన్ లేదు, అది బూట్‌లోనే ఉంటుంది). రికవరీలోకి వెళ్లి కాపీ-పార్టిషన్స్ సైడ్‌లోడ్, రికవరీని ఒకసారి రీబూట్, ఫార్మాట్ డేటా, ఆ తర్వాత రామ్ జిప్.

పాతఫోన్ల_రాజు:
ఇంత తిప్పలెందుకు బ్రో? ఎంఎస్ఎం టూల్ (కంప్యూటర్ నుంచి వన్‌ప్లస్ ఫోన్‌ని మొదటి స్థితికి తెచ్చేది) పెట్టి స్టాక్, అంటే కంపెనీ సిస్టమ్, వేసేసి మళ్లీ మొదటి నుంచి చేసుకుంటే పోలా.

స్లాట్_శాస్త్రి:
ఫాస్ట్‌బూట్ కూడా రానప్పుడు కదా రాజు గారూ అది. ఎంఎస్ఎం నడిపితే డేటా పోవడమే కాదు, బూట్‌లోడర్ మళ్లీ లాక్ అవుతుంది. అన్‌లాక్ నుంచి అన్నీ మొదలుపెట్టాలి.

సుజాత_వైజాగ్:
గ్యాప్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రామ్ ఎక్కగానే అదే రికవరీలో గ్యాప్స్ పెడితే అవి బిలోకి కాదు, ఎలో ఉన్న పాత సిస్టమ్‌లోకి వెళ్తాయి. ఫోన్ లేచినా ప్లేస్టోర్ కనపడదు. రామ్ అయ్యాక ‘ఇంకేమైనా ప్యాకేజీలు వెయ్యాలంటే రికవరీ రీబూట్ చెయ్యాలి’ అని లీనియేజ్ రికవరీ అడుగుతుంది. దానికి ఎస్ కొట్టి, తిరిగి వచ్చిన రికవరీలో గ్యాప్స్ వెయ్యండి. సిగ్నేచర్ హెచ్చరిక గ్యాప్స్‌కి సహజం, అక్కడ ఎస్ కొట్టొచ్చు. రామ్ జిప్‌కే ఆ హెచ్చరిక వస్తే మాత్రం ఆగి ఫైల్ చూసుకోండి.

గ్యాప్స్ ఆర్మ్64, ఆండ్రాయిడ్ 15వే కావాలి, 22.2కి పునాది అదే. మొదటి బూట్‌కి ముందే వెయ్యాలి. ఒకసారి సెటప్ దాటాక గుర్తొచ్చి వేస్తే ప్లే సర్వీసెస్ వరసగా ఆగిపోతూ ఉంటుంది, మళ్లీ ఫార్మాట్ తప్పదు. ఎలో పడిన పాత గ్యాప్స్ గురించి బెంగ అక్కర్లేదు, తర్వాత వచ్చే లీనియేజ్ ఓటీఏ ఆ సిస్టమ్‌ని మొత్తంగా తిరగరాస్తుంది.

గోదారోడు:
స్లాట్ ఎకి మారింది. రికవరీ వచ్చింది కానీ కంప్యూటర్‌లో ‘ఎడిబి డివైసెస్’ (కనెక్ట్ అయిన ఫోన్ల లిస్టు చూపే కమాండ్) కొడితే ఖాళీ. ఫాస్ట్‌బూట్‌లో మాత్రం బాగానే కనిపించింది. విండోస్ 11.

సుజాత_వైజాగ్:
రెండిటికీ డ్రైవర్ వేరు. ముందు రికవరీలో అప్లై అప్‌డేట్, అప్లై ఫ్రమ్ ఎడిబి దాకా వెళ్లండి. అప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఒకటి కనిపిస్తుంది. దానికి గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్‌లోంచి ఆండ్రాయిడ్ ఎడిబి ఇంటర్‌ఫేస్ ఎంచుకోండి. లిస్టులో ‘సైడ్‌లోడ్’ అని రావాలి. మధ్యలో తెగిపోతుంటే యూఎస్‌బీ 2 హబ్ పెట్టి చూడండి. కొన్ని కంప్యూటర్ల యూఎస్‌బీ 3 పోర్టులతో ఈ ఫోన్‌కి అస్సలు పడదు.

గోదారోడు:
డ్రైవరే అక్కా. కాపీ-పార్టిషన్స్, రామ్, గ్యాప్స్ మూడూ స్టేటస్ 0. ఫోన్ లేచింది, ప్లేస్టోర్ ఉంది. కానీ బ్యాంకు యాప్ ‘డివైస్ సురక్షితం కాదు’ అంటోంది. బూట్‌లోడర్ తిరిగి లాక్ చేస్తే సరిపోతుందా?

స్లాట్_శాస్త్రి:
వద్దంటే వద్దు. లీనియేజ్ ఉండగా లాక్ చేస్తే డేటా ఎలాగూ పోతుంది, ఫోన్ లేవడం కూడా ఆగిపోతుంది. అప్పుడు రాజు గారి ఎంఎస్ఎం టూలే గతి. అన్‌లాక్ అయిన బూట్‌లోడర్‌తో ప్లే ఇంటిగ్రిటీలో (ఫోన్ నమ్మదగినదా అని గూగుల్ చేసే పరీక్ష) డివైస్ స్థాయి పాస్ అవ్వదు. ఆ స్థాయి అడిగే యాప్‌లు మొరాయిస్తాయి, అడగనివి నడుస్తాయి. ముందు ఆ బ్యాంకు వెబ్‌సైట్ బ్రౌజర్‌లో వాడి చూడు. రోజూ యూపీఐ ఆ యాప్‌లోనే కావాలంటే ఆ సిమ్ స్టాక్ ఉన్న ఇంకో ఫోన్‌లో పెట్టుకో.