డన్‌విచ్ సమాధులు: సముద్రంలో పడేలోపే ఎముకలు తీసేయాలా, వదిలేయాలా?

గోదారోడు:
మొన్న సెలవులకి ఇంగ్లండ్‌లో సఫోక్ తీరాన ఉన్న డన్‌విచ్ వెళ్ళొచ్చాం. ఒకప్పుడు పెద్ద రేవు పట్నం అంట, 1286 తుఫానుతో మొదలై ఊరూ చర్చిలూ ఒక్కోటీ సముద్రంలో కలిసిపోయాయి, ఆఖర్న మిగిలిన ఆల్ సెయింట్స్ 1904లో కొండచరియ అంచుకొచ్చి 1919కల్లా గోపురంతో సహా కిందపడింది. ఇప్పుడు చర్చి లేదు, దాని శ్మశానంలో చిన్న ముక్క ఉంది, పొదల మధ్య 18వ శతాబ్దపు మనిషి జేకబ్ ఫోర్‌స్టర్ సమాధిరాయి ఒంటరిగా. పాత ఫొటోల్లో చూస్తే చరియ ఇసుకలోంచి కాలెముకలు చెట్టు వేళ్ళలా బయటికొచ్చి ఉంటాయి, చూసినాక రెండ్రోజులు అదే గుర్తొచ్చింది నాకు. ముందే తీసి పక్కనే ఉన్న సెయింట్ జేమ్స్ చర్చి ఆవరణలో పూడ్చేస్తే పోయేదేముంది?

బెజవాడ బుల్లోడు:
పోయేది మనుషుల ప్రాణాలు బ్రో. అది రాయి కాదు, వదులు ఇసుక, అంచున గునపం వేస్తే తవ్వేవాడితో సహా జారుద్ది. పైగా అక్కడ శవాలు పైకి తీయాలంటే సర్కారు లైసెన్సో చర్చివాళ్ళ అనుమతో కావాలి. అయినా 1750ల్లో ఆ చర్చిని వదిలేసుకుంది ఆ ఊరివాళ్ళే కదా, ఇప్పుడు మనకెందుకు బాధ?

పల్నాటి పిల్ల:
చర్చిని వదిలేశారు సరే, మనుషుల్ని వదిలేశారని ఎవరన్నారు? నాగార్జునసాగర్ నిండకముందు నాగార్జునకొండ కింద లోయంతా తవ్వి, కట్టడాలు కొన్ని పైన ద్వీపంలో, కొన్ని అనుపులో మళ్ళీ కట్టారు. మనసుంటే అవుద్ది. కాకపోతే అదీ రాళ్ళ వరకే లెండి, ఆ లోయలో ఊళ్ళవాళ్ళ సమాధుల గురించి ఎవరూ మాట్లాడరు.

గోదారోడు:
కరెక్టుగా పట్టుకున్నారండీ, నన్ను తొలిచేది అదే. ఆల్ సెయింట్స్ గోపురానికి ఆనించిన రాతి దన్ను ఒకటి పడిపోకుండా కాపాడి తెచ్చి సెయింట్ జేమ్స్ ఆవరణలో నిలబెట్టారు, నేను చేత్తో ముట్టుకున్నా, చెకుముకి రాళ్ళు గరగరా తగిలాయి. రాయికి చోటు దొరికింది, మనుషులకి దొరకలేదు.

ఉప్పాడ అలలు:
మీకు సెలవుల్లో కనపడిందేమో, మాకు ఏటా ఇదే కథ. ఉప్పాడలో ఇళ్ళకి ఇళ్ళే సముద్రంలోకి పోయాయి, రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో లెక్కలేదు. అందుకే చెప్తున్నా, చచ్చినోళ్ళకి ఖర్చు తర్వాత, ముందు బతికున్నోళ్ళ సంగతి చూడాలి. అయినా సముద్రంలో కలిస్తే తప్పేంటండీ, మనం అస్థికలు నీళ్ళలో కలపట్లా?

పల్నాటి పిల్ల:
మనం కలుపుతాం, వాళ్ళు కలపమనలేదుగా. మట్టిలో ఉంచమని అడిగి పోయినోళ్ళు.

బెజవాడ బుల్లోడు:
ఆ మట్టే జారుతుంటే ఎవరేం చేస్తారు. ఇంతకీ అలల కింద చర్చి గంటలు మోగుతాయంటారు, వినపడ్డాయా?

గోదారోడు:
గంటలు లేవు, బీచ్ దగ్గర చేపల వేపుడు వాసనొక్కటే. సరే, తవ్వకం ప్రమాదమని ఒప్పుకుంటా. కిందపడినవైనా ఏరి పూడ్చొచ్చుగా, ఒడ్డున నడిచేవాడి కాళ్ళ కింద పడటం కంటే నయం.

బెజవాడ బుల్లోడు:
దానికి నేనూ ఓకే. కానీ మీరు ఏరకండి, అక్కడ మనిషి ఎముక కనపడితే ముట్టుకోకుండా ముందు పోలీసులకి చెప్పాలి, పాతదని వాళ్ళు తేల్చాకే మిగతాది.