ప్రైమరీలో పోసిన దానికంటే ఎక్కువ నూనె దిగుతోంది (1998 బుల్లెట్ 350)

తెనాలి_350:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి బండి, 1998 బుల్లెట్ స్టాండర్డ్ 350. పాత కాస్ట్ ఐరన్ ఇంజను, కుడికాలి గేరు, ఏపీ 7 నంబరు. ఆయన పోయాక ఎనిమిది నెలలు ఇంటి వెనక రేకుల షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. సంక్రాంతికి బయటికి తీశాను. ఇక్కడి మెకానిక్ ఇంజన్ ఆయిల్ మార్చి, క్లచ్ ప్లేట్లు కొత్తవి వేసి, ప్రైమరీలో (ఎడమ పక్క క్లచ్ ఉండే కవరు) 20డబ్ల్యు50 నూనె కొలిచి పోశాడు. నేను పక్కనే ఉన్నాను, మా పాప పాలసీసాతోనే కొలిచాం. 420 మిల్లీ.

నాలుగొందల కిలోమీటర్లు తిరిగానో లేదో క్లచ్ జారడం మొదలైంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. మొన్న మా ఆవిడను ఎక్కించుకుని కోటప్పకొండ వెళ్తే ఘాటు రోడ్డు మీద ఇంజను అరుస్తోంది, బండి మాత్రం నడకే. పైదాకా రాలేక ఆవిడ మధ్యలో దిగి నడిచింది. (దాని గురించి ఇంట్లో ఇంకా వింటున్నాను.)

ఇంటికొచ్చి ఫుట్‌రెస్టు విప్పి, క్లచ్ కవరు మధ్య నట్టు తీసి కింద బేసిన్ పెట్టాను. దిగిన నూనె అదే సీసాతో కొలిస్తే 650 పైచిలుకు! పైగా నల్లగా ఉంది. అటు ఇంజన్ డిప్‌స్టిక్ చూస్తే నూనె తగ్గింది. ట్యాపెట్ కవర్ల కింద కూడా తడి, దుమ్ము పట్టుకుని పేస్టులా ఉంది.

మెకానిక్ ఏమో ప్లేట్లు డూప్లికేట్ పడ్డాయి, మళ్లీ మారుద్దాం అంటున్నాడు. ఇంకొకాయన ప్రైమరీలో 90 గేర్ ఆయిల్ పొయ్యమన్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ నూనె ఎక్కడినుంచి వస్తోంది?

కూకట్‌పల్లి_క్లాసిక్:
బ్రో, అంత కొలతలు ఎందుకు? నా క్లాసిక్‌లో ఒకే చోట 15డబ్ల్యు50 పోస్తాం, ఇంజనుకీ క్లచ్‌కీ గేరుబాక్సుకీ అదే. లెవెల్ గ్లాసులో చూసుకుంటే చాలు.

కాజీపేట_ఫిట్టర్:
కూకట్‌పల్లి బాబూ, నీది యూసీఈ ఇంజను. దాంట్లో అన్నీ ఒకే ఇల్లు. ఈయనది ఉమ్మడి కుటుంబం కాదు, మూడు వేర్వేరు కాపురాలు. ఇంజనుకు ఒక నూనె, ఎడమ పక్క క్లచ్ కవరులో ఒకటి, వెనక గేరుబాక్సులో ఇంకొకటి. ఒకదాంట్లోది ఇంకొకదాంట్లోకి పోకూడదు. తెనాలి అబ్బాయి బండిలో పోతోంది. అదే సమస్య.

బాబూ, నేను కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. నాది 1986 బుల్లెట్, ఇప్పటికీ నేనే విప్పుకుంటాను. నీ ప్లేట్ల జోలికి ఇప్పుడే పోకు. ముందు నూనె ఎటునుంచి ఎటు పోతోందో చూడు.

క్రాంకు, అంటే పిస్టను తిప్పే ఇరుసు, దాని ఎడమ చివర క్లచ్ కవరులోకి వస్తుంది. మధ్యలో ఒక ఆయిల్ సీలు. ఇంజను నూనె ఒక పక్క, ప్రైమరీ నూనె ఒక పక్క. సీలు అరిగితే నూనె ఎటైనా పోవచ్చు అనుకుంటారు. అలా పోదు. ఒత్తిడి ఎటు తోస్తే అటే పోతుంది.

పిస్టను కిందికి దిగిన ప్రతిసారీ క్రాంక్‌కేసులో (క్రాంకు తిరిగే పెట్టెలో) గాలిని 346 సీసీ మేర నొక్కుతుంది. ఆ గాలి బయటికి పోవడానికే బ్రీదర్ గొట్టం. దానికి బాతు ముక్కులాంటి రబ్బరు ఒకటి ఉంటుంది, డక్‌బిల్ అంటారు. గాలి బయటికి పోయేటప్పుడు పెదాలు తెరుచుకుంటాయి, పిస్టను పైకి లేచేటప్పుడు మూసుకుంటాయి. అలా బయటికి పోయిన గాలి తిరిగి లోపలికి రాదు కాబట్టి క్రాంక్‌కేసులో ఒత్తిడి బయటికంటే కొంచెం తక్కువే ఉంటుంది. సరిగ్గా ఊపిరి తీసే బుల్లెట్‌లో సీలు పాడైతే ప్రైమరీ నూనె ఇంజనులోకి లాగబడుతుంది. ప్రైమరీ ఎండిపోతుంది, సైలెన్సరులో పొగ వస్తుంది. నీకు జరిగేది తలకిందులు. ఇంజను నూనె ప్రైమరీలోకి తోయబడుతోంది. అంటే సీలు బాగుందా లేదా అన్నది తర్వాత, ముందు నీ ఇంజనుకు ఊపిరి ఆడటం లేదు. ట్యాపెట్ కవర్ల దగ్గర తడి కూడా ఆ మాటే చెబుతోంది.

మా షెడ్డులో ఆల్కో రకం డీజిల్ రైలు ఇంజన్లకు క్రాంక్‌కేసు గాలి లాగడానికి ఎగ్జాస్టర్ అని ప్రత్యేకంగా ఒక మోటారే ఉండేది. అది ఆగిందంటే ఎక్కడెక్కడి కవర్ల నుంచో నూనె చెమట పట్టేది. కొత్తగా చేరిన కుర్రాళ్లు వరసబెట్టి కవర్ల ప్యాకింగులు మార్చేవాళ్లు. ఎగ్జాస్టర్ చూడరా అని వెనకనుంచి అరిచేవాణ్ని. బుల్లెట్‌కు మోటారు లేదు, ఆ రబ్బరు ముక్క ఉంది. అంతే తేడా.

చెయ్యాల్సింది ఇది. సిలిండరు పాదం దగ్గర ఎడమ వైపు నుంచి బయల్దేరే గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ చివరిదాకా పో. బ్యాటరీ పట్టీ కింద మడత పడిందా, ఎవరైనా సన్నటి పెట్రోలు పైపు తగిలించారా, లోపల మడ్డి గట్టిపడిందా చూడు. డక్‌బిల్ కొన్ని బండ్లలో ఇంజను దగ్గర, కొన్నింట్లో గొట్టం చివర ఉంటుంది. చాలా బండ్లలో ఎవడో పీకేసి ఉంటాడు. తర్వాత ఇంజను నిదానంగా తిరుగుతుండగా గొట్టం చివర బొటనవేలు ఆనించు. ఫట్ ఫట్ అని తోయాలి, వేలిని లోపలికి పీల్చకూడదు. ఏమీ తెలియకపోతే మూసుకుపోయినట్టు. తోస్తూ పీలుస్తూ ఉంటే ముక్కు పనిచేయనట్టు.

90 గేర్ ఆయిల్ మాత్రం ప్రైమరీలో పొయ్యకు. ఆ చిక్కదనానికి పొద్దున్నే ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని, క్లచ్ నొక్కినా విడవవు. ఒక ప్రశ్న: ఇంజనులో పోసింది కారు నూనెనా?

ఫ్రిస్కో883:
ఫిట్టరు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను టెక్సస్‌లో హార్లే స్పోర్ట్‌స్టర్ నడుపుతాను. దీంట్లో ప్రైమరీకీ గేరుబాక్సుకీ కలిపి ఒకే నూనె, ఒక క్వార్టు. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటుంది. ప్రతిసారీ దాని మీద బూడిదరంగు మెత్తటి పొడి చూసి తుడుస్తాను. పొడి వస్తే పర్వాలేదు, ముక్కలు వస్తే భయపడాలి. రెండేళ్ల కింద బ్యాటరీ మార్చాక గేరు షాఫ్టు దగ్గర చుక్కలు పడ్డాయి. సీలు ఆర్డరు పెట్టేశాను కూడా. చూస్తే బ్యాటరీ ట్రే కింద వెంట్ గొట్టం నలిగి ఉంది. సరిచేశాక చుక్క లేదు. ఆ సీలు ఇంకా గరాజ్‌లో ప్యాకెట్ విప్పకుండా అలాగే ఉంది.

తెనాలి_350:
ఫిట్టరు గారూ, అవునండీ, ఇంజనులో పోసింది కారు నూనే. డబ్బా మీద జాసో (నూనెలో తిరిగే బైకు క్లచ్‌కు పనికొస్తుందన్న గుర్తు) అన్న ముక్కే లేదు.

ఇక గొట్టం సంగతి. నవ్వకండి. చివర చేత్తో నొక్కితే రాయిలా గట్టిగా తగిలింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఎర్రమట్టి రాలింది. అంగుళంన్నర పొడవున మట్టి బిరడా, లోపల ఎండిపోయిన సాలెపురుగులు. మట్టిగూడు కట్టే కందిరీగ! ఎనిమిది నెలల్లో మా నాన్న బండిలో కాపురం పెట్టింది. డక్‌బిల్ అసలు లేదు, ఉత్త గొట్టమే. మట్టి తీసి స్టార్ట్ చేసి వేలు పెడితే తోస్తోంది, పీలుస్తోంది కూడా.

కాజీపేట_ఫిట్టర్:
నవ్వడమెందుకు, మా ఇంట్లో తాళం కప్పలోనే పెడుతుంది అది.

గొట్టం మొత్తం పీకి కిరోసిన్‌తో కడుగు, రబ్బరు పగిలి ఉంటే మార్చు. కొత్త డక్‌బిల్ వెయ్యి, ఖరీదైన వస్తువేం కాదు. వేసే ముందు ఊది చూడు, ఒక వైపే పోవాలి. చివర కిందికి చూసేలా కట్టు, నీళ్లు నిలవకుండా. మళ్లీ బండి నెలల తరబడి ఆపితే చివరకు సన్నటి గుడ్డ కట్టు, తీసేటప్పుడు మర్చిపోకు.

నీ క్లచ్ ఎందుకు జారిందో ఇప్పుడు తెలిసింది. కారు నూనెలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. పాత బుల్లెట్ ఇంజనులో దాంతో నష్టం లేదు, అక్కడ క్లచ్ లేదు కాబట్టి. అదే నూనె సీలు దాటి ప్లేట్ల మీదకు వచ్చింది, పైగా లెవెల్ మించి. జారక ఏం చేస్తుంది? ప్లేట్లు తీసి పెట్రోలుతో కడిగి ఆరబెట్టు, కొత్తవి కొనకు.

ఈసారి ప్రైమరీలో ఏటీఎఫ్ పొయ్యి. ఆటోమేటిక్ గేరు కార్లకు వాడే ఎర్ర నూనె అది. క్లచ్‌కు మంచిదే. దానితో ఇంకో లాభం ఉంది. ఎరుపు నలుపుకు తిరిగిందంటే ఇంజను నూనె ఇంకా వస్తోందని కవరు విప్పకుండానే తెలుస్తుంది. బండి సెంటర్ స్టాండు మీద నిటారుగా ఉంచి, లెవెల్ స్క్రూ దగ్గర కారడం ఆగేదాకా వదిలెయ్. 420 అన్నది అంచనాకే, స్క్రూ చెప్పిందే లెక్క. కవరు అంచు రబ్బరు శుభ్రంగా తుడిచి కూర్చోబెట్టు. మధ్య నట్టును బలమంతా పెట్టి బిగిస్తే కవరు వంగి అంచుల్లో కారుతుంది.

తెనాలి_350:
గేరుబాక్సు సంగతి కూడా చెప్పండి సార్. మా మెకానిక్ వీల్ బేరింగు గ్రీజు కూరాడు.

కాజీపేట_ఫిట్టర్:
అయ్యో. అది గట్టి గ్రీజు. పళ్లు తిరిగి తిరిగి దాంట్లో ఒక కాలువ చేసుకుంటాయి, ఆ తర్వాత గ్రీజు పక్కకు నిలబడి చూస్తుంటుంది, పళ్లు పొడిగా తిరుగుతాయి. పాత బుల్లెట్లలో ఉండే ఆల్బియన్ రకం గేరుబాక్సు ఉత్త నూనెను నిలుపుకోలేదు, చైన్ పళ్లచక్రం దగ్గర కారుస్తుంది, అందుకే గ్రీజు అలవాటయింది. కావలసింది పెరుగులా జారే 00 రకం పల్చటి గ్రీజు. దానికి కొంచెం 90 ఆయిల్ కలుపు. కొద్దిగా కారితే కారనీ, కారుతోందంటే లోపల ఉన్నట్టే.

తెనాలి_350:
310 కిలోమీటర్లు తిరిగాను. ఈ ఆదివారం మళ్లీ కోటప్పకొండ, ఈసారి ఆవిడ దిగలేదు. వచ్చి స్క్రూ విప్పితే నూనె ఎర్రగానే ఉంది, అంచున మాత్రం కొంచెం గోధుమరంగు. ట్యాపెట్ల దగ్గర తుడిచిన చోట ఇంకా తడి రాలేదు. సీలు ఇప్పుడే మార్చాలా సార్?

కాజీపేట_ఫిట్టర్:
గోధుమరంగు కొత్త ప్లేట్ల పొడి కూడా కావచ్చు. వెయ్యి కిలోమీటర్లకు ఇంకోసారి చూడు. లెవెల్ పెరిగితే సీలు తీద్దాం, అప్పటిదాకా దాన్ని కదపకు. ఆ మట్టి గూడు ఫొటో పెట్టు, మా పాత షెడ్డు గ్రూపులో చూపించాలి.